మ్యూరియెల్ చెంచా

మ్యూరియెల్ పాస్కో ఎవరి బట్టలైనా చేతికి రాగానే ముందు వాసన చూస్తుంది. ఆ తర్వాతే మనిషి మొహం చూస్తుంది. మేము ఈ సహవాసంలోకి వచ్చిన రోజున నా చేతిలో మూట అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో పాల వాసనుంది, భయం వాసనుంది. పాలది పోతుందిలే," అంది.

మా సహవాసానికి గేటు మీద రాసిన పెద్ద పేరొకటి ఉంది గాని, హ్యూన్ నది వెంబడి అందరూ మమ్మల్ని షెడ్డువాళ్ళనే అంటారు. ఒకప్పుడు ఆపిల్ పళ్ళు పెట్టెలకెత్తిన రేకుల షెడ్డులోనే మా వంట, మా భోజనం, మా ప్రార్థన. చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు. పెద్దవాళ్ళం పంతొమ్మిది మందిమి, పిల్లలు ఏడుగురు. ప్రభువులో అంతా ఒక్కటిగా బతకాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళమే. వచ్చాక తెలిసింది, మాలో ఒకరు తాగిన కప్పు కడగరనీ, ఇంకొకరు కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతారనీ. ఈ ఇద్దరి మధ్యా శాంతి నిలపడానికే మా ప్రార్థనల్లో సగం ఖర్చవుతుంది.

మ్యూరియెల్‌కి డెబ్భై మూడేళ్ళు. పడమటి తీరంలో ఒక గనుల ఊళ్ళో పుట్టింది. భర్త ఆల్ఫ్ గనిలో దుమ్ము మింగీ మింగీ నలభై అయిదేళ్ళకే పోయాడు. ఆ ఏడాదే షెడ్డు కిటికీలకు తెరలు కుట్టి పెట్టడానికని కుట్టుమిషను మోసుకుంటూ రెండు వారాల కోసం వచ్చింది. వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. "తెరలు ఇంకా పూర్తి కాలేదు" అంటుంది ఎవరైనా అడిగితే. ఆవిడ వేళాకోళమాడగా నేను విన్నది అదొక్కటే.

లాండ్రీ గది ఆవిడ రాజ్యం. గోడ మీద నీలం పెన్సిల్‌తో చట్టాలు రాసి ఉంటాయి. "జేబుల్లో మర్చిపోయినవి నావి." "మేజోళ్ళు జతగా వచ్చాయి, జతగానే పోవాలి." వీటన్నిటి కిందా కాస్త పెద్ద అక్షరాలతో, "పాపాలు క్షమించబడినవాళ్ళు కూడా కాలరు రుద్దుకునే ఇవ్వాలి."

ఆవిడకి సరిగ్గా ఎదురు మనిషి లయొనెల్, మా పెద్ద. మెత్తటి మాట, మెత్తటి చెయ్యి. కనిపించిన ప్రతివాళ్ళ భుజం మీదా ఆ చెయ్యి వేసి, "దేవుడు నీలో ఎంత గొప్పగా పని చేస్తున్నాడో!" అంటాడు. నాతో అన్నప్పుడు కళ్ళనీళ్ళొచ్చాయి. వారం తిరక్కుండా అదే మాట మా కుక్కతో అంటుంటే విన్నాను. ఆయన కట్టడం మొదలుపెట్టిన కోళ్ళ గూటికి మూడు గోడలున్నాయి. నాలుగోది లేదన్న సంగతి కోళ్ళకి తెలుసు.

నేను చదివింది సూక్ష్మజీవశాస్త్రం. పాల పరీక్షల ల్యాబులో పని చేసేదాన్ని. మా ఆయన రూబెన్ నీళ్ళ పంపులు బాగుచేసేవాడు. మా పాప ఊనా పుట్టిన మూడు నెలలూ హోబర్ట్ నగరంలో, మూడో అంతస్తులో, పగలంతా నేనొక్కదాన్నే కూర్చుని దాని ఊపిరి లెక్కపెట్టుకుంటూ గడిపాను. నిమిషానికి నలభై దాటితే భయం, ముప్ఫైకి తగ్గితే మరీ భయం. మళ్ళీ ఆ గదిలోకి పోకూడదు, నాతో పాటు ఆ ఊపిరిని లెక్కపెట్టే మనుషులు నలుగురు ఉండాలి. అందుకే ఇల్లు ఖాళీ చేసి, ఉద్యోగాలు మాని, ఇక్కడికి వచ్చాం. ఏడాది పాటు చూస్తారు. ఏడాది చివర్లో ఉండమంటే ఉంటాం. లేదంటే మార్చి నెలాఖరుకి మూట సర్దుకోవాలి.

ఆ నిర్ణయం మా షెడ్డులో మాటలతో జరగదు, చెంచాలతో జరుగుతుంది. ఏడాది నిండిన ఆదివారం సాయంత్రం అందరూ కలిసి సూప్ తాగుతారు. తాగాక ఒప్పుకున్నవాళ్ళు చెంచా వెల్లకిలా పెడతారు. ఒప్పుకోనివాళ్ళు బోర్లా పెడతారు. అన్నీ వెల్లకిలా ఉంటే పాట పాడతారు. మేము మూడు రోజుల్లో మా చేత్తో రొట్టె కాల్చి గుమ్మం గుమ్మానికీ పంచాలి. ఒక్క చెంచా బోర్లా ఉన్నా పాట లేదు. ఆ చెంచా మనిషి మూడు రోజుల్లో మా గుమ్మానికి వచ్చి, కారణం మొహం మీదే చెప్పాలి. ఆ మూడు రోజులూ ఎవరూ ఆ సంగతి ఎత్తకూడదు, ఎవర్నీ అడగకూడదు. మనుషుల మధ్య ప్రేమ చెడకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

పదిహేడు చెంచాల్లో పదహారింటి గురించి నాకు బెంగ లేదు.

పదిహేడోదాని కోసం ఏడాదంతా కష్టపడ్డాను. సైన్సు చదివినదాన్ని కాబట్టి నోట్‌బుక్ పెట్టాను. మ్యూరియెల్ నాతో అన్న మాటలన్నీ తేదీ వేసి రాశాను. మొత్తం అరవై నాలుగు. యాభై ఎనిమిది నాకు వ్యతిరేకం. నాలుగు వాతావరణం గురించి. రెండింటిని ఎటు వెయ్యాలో తెలియలేదు. ఆ రెండింట్లో ఒకటి, "నీలాంటిదాన్ని చూసి చాలా ఏళ్ళయింది."

అది అన్నది పాప గుడ్డల గొడవ రోజున. థర్మామీటరు పట్టుకుని లాండ్రీ గదిలోకి వెళ్ళాను.

"మ్యూరియెల్, పాప గుడ్డలకి నీళ్ళు అరవై డిగ్రీలు దాటాలండీ."

"ఎవరి కోసం దాటాలి?"

"సూక్ష్మజీవులు చావాలంటే."

"వాటి పేర్లు కూడా తెలుసా నీకు?"

"తెలుసు."

"అయితే పేరుపేరునా పిలిచి చంపుకో. నా బాయిలరు జోలికి రాకు, సైన్సమ్మా."

నేను తిరిగి వస్తుంటే వెనక నుంచి ఆ 'నీలాంటిదాన్ని' మాట కూడా అంది. సైన్సమ్మ పేరు అలాగే ఉండిపోయింది. హడావిడిలో థర్మామీటరు ఏప్రన్ జేబులో మర్చిపోయి, ఏప్రన్ అక్కడే ఉతకడానికి పడేసి వచ్చాను. మర్నాడు అడిగితే మ్యూరియెల్ మాట్లాడకుండా గోడ మీద మొదటి చట్టం చూపించింది.

లయొనెల్ దగ్గర మొర పెట్టుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "మ్యూరియెల్‌ని దేవుడు మనకి ఒక కారణం కోసం ఇచ్చాడు తల్లీ," అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఆ కారణం నాకింకా చెప్పలేదు," అన్నాడు. "నువ్వు మాత్రం ఆ కొలతలూ ఆ భయాలూ వదిలెయ్యి. ఇది కొలిచే చోటు కాదు, నమ్మే చోటు."

వదిలెయ్యడానికి ప్రయత్నించాను. మార్చి వచ్చేసరికి ఊనా కొత్త విద్య ఒకటి నేర్చింది. చేతికందిన గిన్నె, గ్లాసు, చెప్పు, ఏదైనా సరే బోర్లించి, పైన అరచేత్తో తట్టి, "బో" అనేది. నోట్‌బుక్‌లో అదీ తేదీ వేసి రాసుకున్నాను. పదిహేనో నెలలో ఇది మామూలేనా కాదా అని రెండు పుస్తకాలు తిరగేశాను. రూబెన్ నవ్వాడు. "అది అన్నిటికీ అడుగున ఏముందో చూస్తోంది. నీ కూతురే!" అన్నాడు.

ఆ ఆదివారం గుమ్మడికాయ సూప్. వంట చేసిన కోరా కొసరి కొసరి వడ్డించింది. ఊనా ఎత్తు కుర్చీ నాకూ మ్యూరియెల్‌కీ మధ్య వేశారు. నేను వద్దనలేదు, ఎందుకంటే ఈ పిల్ల మ్యూరియెల్ పక్కన ఉంటే మారు మాట్లాడకుండా తింటుంది. ఆవిడ గిన్నె చూపించి "తిను" అంటుంది, ఇది తింటుంది. నేను ముప్ఫై రకాలుగా బతిమాలినా తినదు.

సూప్ అయింది. చెంచాలు బల్ల మీద పెట్టిన చప్పుడు. అందరం కళ్ళు మూసుకున్నాం. లయొనెల్ ప్రార్థన అందుకున్నాడు. ఆయన ప్రార్థన ఆదాముతో మొదలై మా దాకా రావడానికి కొంత సేపు పడుతుంది. నోవహు ఓడ దగ్గర ఉండగా గాలి తిరిగింది, పైన రేకులు దడదడలాడాయి. నా పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది, తలుపు కొట్టుకుంది. తీగ మీద దుప్పట్లున్నప్పుడు మ్యూరియెల్ ప్రార్థనలో ఒక చెవి బయటే ఉంచుతుందని అందరికీ తెలుసు. నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని, ఒక్క చెంచా కోసమే ప్రార్థించాను. మధ్యలో ఊనా ఏదో అంది. కోరా దానికి "ఆమెన్" అంది.

ప్రార్థన ముగిశాక లయొనెల్ చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ నడిచాడు. మ్యూరియెల్ ఖాళీ కుర్చీ దగ్గర ఆగాడు. అందరం చూశాం. చెంచా బోర్లా ఉంది.

"ఒక్కటి," అన్నాడు, చాలా మెత్తగా. "మూడు రోజులు ఎదురుచూద్దాం."

కట్టుబాటు ప్రకారం చెంచాలు వెంటనే ఎత్తేసి కడిగేశారు. మ్యూరియెల్ దుప్పట్లు మడిచి పెట్టి వచ్చేసరికి బల్ల తుడిచి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ అందర్నీ ఒకసారి చూసి, "వాన రాదులే," అని తన ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ మూడు రోజుల్లో మా గుమ్మానికి రావలసిన ఒక్కరు తప్ప అందరూ వచ్చారు. లయొనెల్ సోమవారం పొద్దున్నే వచ్చి, ఊనా నిద్ర లేచేదాకా ప్రార్థన చేశాడు. వడ్రంగం చేసే ఓరన్ వచ్చి, మాట్లాడకుండా మా గేటు బందు బిగించి, మాట్లాడకుండా వెళ్ళాడు. వెళ్ళిపోయేవాళ్ళకి గేటు ఎందుకని నాకు ఏడుపొచ్చింది. కోరా కేకు తెచ్చింది.

"ఆ చెంచా ఎవరిదో మేమెవ్వరం అనుకోవట్లేదమ్మా. లాండ్రీ గది వైపు చూడటం కూడా మానేశాం. నేనైతే పొద్దుటి నుంచీ మాసిన ఏప్రనే కట్టుకున్నాను."

"కోరా, ఆ సంగతి ఎత్తకూడదు," అన్నాను.

"ఎత్తలేదు కదా! ఏప్రన్ సంగతి చెప్పానంతే."

నోట్‌బుక్ తీసి అరవై నాలుగు మాటలూ మళ్ళీ చదివాను. ఏ మాట కోసం ఆవిడ చెంచా తిప్పి ఉంటుందో తేల్చాలని కూర్చుంటే యాభై ఎనిమిదీ కారణాలుగానే కనిపించాయి. రూబెన్ అటక మీంచి పెట్టెలు దించాడు. ఊనా వాటిని బోర్లించింది.

మంగళవారం గుడ్డలు ఇవ్వడానికి లాండ్రీ గదికి వెళ్ళక తప్పలేదు. మ్యూరియెల్ నా చేతుల వంక చూసింది, నా వెనక చూసింది.

"ఇంతేనా తెచ్చింది?"

"ఇంతే."

"ఇంకేమీ ఇచ్చేది లేదా?"

"లేదండీ." మూట బల్ల మీద పెట్టాను. "మీకే... నాతో చెప్పాల్సిందేమైనా ఉందా?"

"ఉంది," అంది.

నోట్‌బుక్‌లో అరవై అయిదో మాటకి సిద్ధపడ్డాను.

"సబ్బు మరీ ఎక్కువ వాడుతున్నావు."

నేను వెనక్కి చూడకుండా వచ్చేశాను.

బుధవారం సూర్యుడు కొండల మీదికి దిగుతుండగా తలుపు చప్పుడైంది. మ్యూరియెల్! ఆదివారపు టోపీ పెట్టుకుంది. మూతి బిగించి ఉంది. రూబెన్ పెట్టెల మధ్య నుంచి లేచి నిలబడ్డాడు.

"ఏది?" అంది.

"ఏదేమిటండీ?"

"రొట్టె! మూడు రోజులైంది. ఈ గంటతో గడువు అయిపోతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో రొట్టె ఇవ్వని మొహాలు మీవే. అందరికీ పంచి నా గుమ్మం ఒక్కటే దాటేశారా ఏం? మొన్న నోరు విడిచి అడిగాను కూడాను. ఇచ్చేది లేదా అంటే లేదంటుంది మహాతల్లి!"

నేను రూబెన్ వంక చూశాను. రూబెన్ నా వంక చూశాడు.

"రొట్టె పంచాలంటే ముందు మమ్మల్ని ఒప్పుకోవాలి కదా మ్యూరియెల్," అన్నాడు నెమ్మదిగా. "మీ చెంచా బోర్లా ఉంది."

"ఎవరి చెంచా?"

"మీదే."

"నా చెంచా వెల్లకిలా పెట్టాను. పెట్టి, దుప్పట్ల కోసం పోయాను. పాట వినపడకపోతే గాలి హోరనుకున్నా. ఎవడా మాటన్నది?"

అప్పుడు కింద నుంచి "బో" అని వినిపించింది. ఊనా మ్యూరియెల్ చేతిసంచీలోంచి కళ్ళద్దాల పెట్టె లాగి, నేల మీద బోర్లించి, పైన అరచేత్తో తట్టింది.

దాని అలవాటు తేదీతో సహా నా నోట్‌బుక్‌లో ఉంది. చెంచా విషయం తర్వాతి పేజీలోనే ఉంది. ఈ రెండు పేజీలనీ కలిపి చూడాలని సైన్సు చదివినదానికి తట్టలేదు. మ్యూరియెలే తిప్పిందనుకోవడం అంత సులువుగా ఉంది మరి.

"మమ్మల్ని క్షమించండి," అన్నాను. "మీరేనని నమ్మేశాను."

మ్యూరియెల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అబద్ధమెందుకు, బోర్లా పెడదామనే అనుకున్నాను," అంది. "ఆదివారం మధ్యాహ్నం దాకా. నీ సబ్బు, నీ బెంగ, నీ మొహం. నన్ను చూస్తే చాలు, పరీక్ష తప్పినదానిలా నుంచుంటావు. ఆయనగారు మేజోళ్ళు ఒక్కొక్కటే వేస్తాడు."

రూబెన్ తల వంచుకున్నాడు.

"మరి?" అన్నాను.

ఆవిడ ఏప్రన్ జేబులోంచి నా థర్మామీటరు తీసింది. సన్నటి నాడా కట్టి ఉంది దానికి.

"ఇది పెట్టి చూశాను, నువ్వు మర్చిపోయిన రోజునే. యాభై రెండు. నా బాయిలరుకి అప్పటికి యాభై రెండే వస్తోంది. ఎన్నేళ్ళుగా వస్తోందో దేవుడికి తెలియాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అందరూ 'మ్యూరియెల్, బట్టలు మల్లెపూలు' అన్నవాళ్ళే. నీళ్ళు ఎంత వేడని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఓరన్ చేత ఆ నెలలోనే బాగుచేయించాను, ఎవరికీ చెప్పకు. ఈ షెడ్డులో నమ్మేవాళ్ళు పదహారు మంది. అనుమానంతో ఇంకోసారి చూసేదాన్ని నేనొక్కదాన్నే. నేను పోయాక ఎవరు చూస్తారు? లయొనెలా? వాడు కోళ్ళకి గోడ పెట్టలేదు."

ఏడాదంతా నేను దాచుకోవాలని చూసిన గుణం చూసే ఆవిడ చెంచా వెల్లకిలా పెట్టింది. సంతోషంతో పాటు కొంచెం కంగారు కూడా వేసింది, డెబ్భై మూడేళ్ళకి నేనెలా ఉంటానో ఎదురుగా కూర్చుని కనిపిస్తోంటే.

"లయొనెల్‌ని మాత్రం ఏమీ అనకు," అంది లేస్తూ. "నా ఏడాది నిండినప్పుడు నాకూ ఒక చెంచా బోర్లా పడింది. వాడిదే. మూడో రోజు నా గుమ్మం ముందు నుంచుని, 'నువ్వంటే నాకు భయం' అని చెప్పి ఏడ్చాడు. తెల్లగుడ్డ ఇచ్చి ముక్కు తుడుచుకోమన్నాను. తెరలు పూర్తి కాలేదని ఇంకో ఏడు ఉండనిచ్చారు, ఆ ఏడు వెల్లకిలా పెట్టాడు. భయం పోలేదు, అయినా పెట్టాడు. నా వల్ల అయ్యే పని కాదది. పద, పిల్లనెత్తుకో."

షెడ్డులో అప్పుడే భోజనాల గంట కొట్టారు. మ్యూరియెల్ టోపీ పెట్టుకుని బల్ల చివర నిలబడి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. లయొనెల్ కళ్ళు చెమర్చాయి.

"దీని ద్వారా దేవుడు మనకేం నేర్పుతున్నాడో కొన్నాళ్ళు ధ్యానిద్దాం..."

"ధ్యానించు నాయనా, వద్దనను. ముందు చెంచాలు తీయండి." ఆవిడ అందరి వంకా చూసింది. "ఆ బోర్లా చెంచా నాదేనని నమ్మినవాళ్ళు, ఇప్పుడు బోర్లించండి."

అందరూ తమ ముందున్న చెంచా వంక చూశారు. తర్వాత లయొనెల్ తన చెంచా తిప్పాడు. కోరా తిప్పింది. ఒక్కొక్కటే బల్ల పొడుగునా తిరిగాయి. ఓరన్ అందరికన్నా ఆఖర్న, పక్కకి చూస్తూ తిప్పాడు. రూబెన్ తిప్పాడు, నేనూ తిప్పాను. ఊనా తన చెంచా తిప్పి, "బో" అని మొహం వెలిగించుకుని అందరి వంకా చూసింది.

మ్యూరియెల్ ఆ వరస మొత్తం ఒకసారి చూసింది. కోపం వస్తుందనుకున్నాం. తన ముందున్న చెంచా తీసి తనూ బోర్లించింది.

"నేనైనా నేనేనని అనుకునేదాన్ని," అంది.

నవ్వింది ముందు ఓరన్. అతని నవ్వు అంత పెద్దదని అప్పటిదాకా మాకు తెలియదు. ఆ తర్వాత కాసేపు బల్ల మీద ఎవరి మాటా వినపడలేదు. లయొనెల్ తెల్లగుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు.

మా కోసం చెంచాలు రెండోసారి పెట్టారు. ఈసారి ప్రార్థన చిన్నదే. మ్యూరియెల్ కళ్ళు మూసుకోలేదు. ఊనా చెయ్యి ఒక చేత్తో, తన చెంచా ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. పదిహేడు వెల్లకిలా లెక్కతేలాకే వదిలింది. పాట మొదలైంది. మ్యూరియెల్‌కి శ్రుతి రాదు, ఊరుకోనూ ఊరుకోదు. ఆ పాట ఎప్పుడు అయిపోతుందా అని చూశాను.

గురువారం పొద్దున్నే రొట్టెలు కాల్చాను. మొదటిది లాండ్రీ గదికి పట్టుకెళ్ళాను. మ్యూరియెల్ వాసన చూసింది. తిరగేసి, అడుగున వేలి కణుపుతో తట్టింది. చెవి దగ్గర పెట్టుకుని వింది.

"లోపల పచ్చిగా ఉంది. ఓవెను ఎంత వేడి పెట్టావు?"

"కొలవలేదండీ."

"కొలవలేదా!" అంది, నా మీద పెట్టుకున్న ఆశలన్నీ అక్కడే కూలినట్టు. "ఏం?"

"థర్మామీటరు మీ దగ్గరుంది."

ఆవిడ గోడ మీద మొదటి చట్టం వంక చూసింది. నా వంక చూసింది. రొట్టెలో ఒక మూల విరిచి నోట్లో వేసుకుని, నములుతూ, రెండో చేత్తో నాడా మెడలోంచి తీసి నా మెడలో వేసింది.

"మిగతావి ఇంకో పావుగంట ఉంచు," అంది. "అది మాత్రం మధ్యాహ్నానికల్లా నాకు తిరిగి రావాలి, సైన్సమ్మా."